ఎండల చంద్రపూర్ నుంచి మంచు మీద పీహెచ్‌డీ: గ్లేసియర్ శాస్త్రవేత్త పని ఏమిటి, చెప్పే లెక్క ఎక్కడిది?

ఉత్తరాఖండ్‌లోనో సిక్కింలోనో వరద వచ్చిన ప్రతిసారీ టీవీలో ఒకటే మాట వినిపిస్తుంది: గ్లేసియర్ పగిలింది. మర్నాటి చర్చలో ఒక శాస్త్రవేత్త హిమాలయాల మంచు కరిగిపోతోందంటారు, ఇంకొకాయన అంత కంగారు అక్కర్లేదంటారు. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల, అంటే గ్లేసియర్ల, పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించి, ఏటా మార్చి 21ని హిమానీనదాల దినంగా పెట్టాక ఈ చర్చ మన ఫోన్లలోకి కూడా వచ్చింది. వినేవాళ్లకు మాత్రం మొదటి ప్రశ్నే తేలడం లేదు. ఈ శాస్త్రవేత్తలు ఎవరు? ఏం చదివారు? ఎక్కడో కొండ మీది మంచు ఎంత తగ్గిందో వీళ్లకెలా తెలుస్తుంది? ఇద్దరూ చదువుకున్నవాళ్లే అయినప్పుడు చెరో మాట ఎందుకు చెప్తారు?

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ వైపు తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. ఇక్కడ చాలా కుటుంబాలు బొగ్గుబాయిల మీదో పేపర్ మిల్లు మీదో బతికినవే. జియాలజీ చదివిన పిల్లవాడు ఇక్కడి బొగ్గు కంపెనీ డబ్ల్యూసీఎల్‌లోనో, నది దాటితే సింగరేణిలోనో నౌకరీ చూసుకుంటాడని ఇంట్లో అనుకుంటారు. వాడు గ్లేసియర్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటే తండ్రికి టెన్షన్ మొదలవుతుంది. "మే నెలల 47 డిగ్రీల ఎండ కొట్టే ఊర్ల పుట్టి మంచు మీద చదువేంది బిడ్డా? అయినంక నౌకరీ ఎవడిస్తడు?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే హిమాలయం దాకా పోయే ముందు మన నది దగ్గర కాసేపు ఆగాలి.

పెన్‌గంగ బండ మీద మంచు గీసిన గీతలు

చంద్రపూర్‌కు పడమటి వైపు, పెన్‌గంగ ఒడ్డున ఇరై అనే ఊరుంది. చంద్రపూర్ పక్కన పారే ఇరై నది వేరు, పేరు ఒక్కటే. ఆ ఊరి దగ్గర నదిలో సున్నపురాయి బండ నున్నగా అరిగిపోయి, దాని మీద ఒకే దిక్కుకు సాగిన గీతలు ఉన్నాయి. ఆ బండకు పైన ఉన్న పొరలో చిన్న గులకరాయి నుంచి పెద్ద బండరాయి దాకా అన్ని సైజుల రాళ్లూ కలగాపులగంగా ఇరుక్కుని ఉంటాయి. నీళ్లు మోసుకొచ్చిన రాళ్లు ఇలా ఉండవు. నీటి జోరు తగ్గేకొద్దీ బరువైనవి ముందు ఆగిపోతాయి, తర్వాత ఇసుక, చివరికి ఒండ్రు. పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నిటినీ ఒక్కచోటికే ఈడ్చుకొచ్చి, వాటితోనే కింది బండను గీకుతూ పోగలిగేది మంచు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఫ్రాన్సిస్ ఫెడెన్ 1875లో ఈ గీతల గురించి రాశారు. ఉష్ణమండలంలో, అదీ చంద్రపూర్ లాంటి చోట, మంచు ఆనవాళ్లు!

అంతకు ముందే, 1856లో, ఒడిశాలోని తాల్చేర్ బొగ్గు క్షేత్రంలో ఇలాంటి రాళ్ల పొరనే చూసి ఇది మంచు పనేనని అన్నవాళ్లున్నారు. విలియం బ్లాన్‌ఫోర్డ్, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే అన్నదమ్ములు, వాళ్లతో పాటు థియోబాల్డ్ అనే ఆయన. ఆ పొరకు తాల్చేర్ పేరే స్థిరపడింది. పెన్‌గంగ ఒడ్డున ఉన్నా, జార్ఖండ్‌లో ఉన్నా భూగర్భశాస్త్రంలో దాన్ని తాల్చేర్ పొర అనే అంటారు. వేడి దేశంలో మంచు ఎక్కడిదని అప్పట్లో చాలామందికి నమ్మకం కుదరలేదు. ఖండాలు కదులుతాయన్న సంగతి రుజువయ్యాకే చిక్కు పూర్తిగా వీడింది. సుమారు 30 కోట్ల ఏళ్ల కింద మన భూభాగం ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా, దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. మంచు తగ్గాక ఆ పల్లాల్లో చిత్తడి అడవులు పెరిగాయి. అవే బొగ్గయ్యాయి. సాస్తిలో, ఘుగ్గుస్‌లో తవ్వేదీ, గోదావరి వైపు బెల్లంపల్లి, మందమర్రిలో తవ్వేదీ ఆ గోండ్వానా కాలపు బొగ్గే. మన బొగ్గు పొరలకు అడుగున మంచు వదిలిపోయిన రాళ్లున్నాయి. బొగ్గు జియాలజిస్టు బోరు వేసి కిందికి పోతూ తాల్చేర్ తగిలిందంటే, ఇక ఆ కింద బొగ్గు లేదని అర్థం చేసుకుంటాడు.

ఆ అన్నదమ్ముల్లో హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఉద్యోగ జీవితాన్ని ప్రత్యేకంగా చూడాలి. మంచును, వాతావరణాన్ని కలిపి చదివిన శాస్త్రవేత్త మన దేశంలో ఎలా తయారయ్యాడో అందులో కనిపిస్తుంది. 1855లో సర్వేలో చేరి బొగ్గు పొరలు వెతికాడు. 1862లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. తుపాన్లు, కరువులు చూసి వాతావరణం వైపు మళ్లాడు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడితే దానికి మొదటి అధిపతి ఆయనే. 1884లో హిమాలయాల్లో మంచు ఎక్కువగా పడిన ఏడు మైదానాల్లో వానలు తగ్గుతున్నాయని ఒక పేపర్ రాశాడు. 1886లో దేశంలో మొదటి రుతుపవన అంచనా దాని ఆధారంగానే వచ్చింది. బొగ్గు కోసం వెళ్లిన మనిషి 30 ఏళ్లలో మంచు మీదుగా వాన దాకా వచ్చాడు.

శాస్త్రవేత్త కొలిచేది దేన్ని?

గ్లేసియర్ అంటే కొండ మీద పేరుకున్న మంచు మాత్రమే కాదు. ఏళ్ల తరబడి కురిసిన మంచు తన బరువుకు తానే నొక్కుకుపోయి గట్టి ఐస్‌గా మారి, వాలు వెంట మెల్లగా జారుతూ ఉంటే అది గ్లేసియర్. పై భాగంలో ఏటా కరిగేదాని కన్నా కురిసేది ఎక్కువ. కింది భాగంలో కురిసేదాని కన్నా కరిగేది ఎక్కువ. పైన మిగిలింది కిందికి జారి వచ్చి కరుగుతుంది. కింది కొసను స్నౌట్, అంటే మూతి అంటారు. గంగోత్రి గ్లేసియర్ మూతి గోముఖ్.

పేపర్లో "గ్లేసియర్ వెనక్కి పోయింది" అని రాస్తే అది మూతి గురించి. మూతి ఎక్కడుందో చూడడం తేలిక, పాత మ్యాపు ఉంటే చాలు. గోముఖ్ మ్యాపును 1935లోనే ఆడెన్ అనే జియాలజిస్టు గీశారు. కానీ మూతి ఆలస్యంగా స్పందిస్తుంది. పైన ఇవాళ మంచు తగ్గితే కింద ఆ ప్రభావం కనపడడానికి దశాబ్దాలు పట్టవచ్చు. మూతి కదలకుండా ఉండగానే గ్లేసియర్ మందం తరిగిపోవచ్చు. అందుకే నిజంగా చూడాల్సింది జమాఖర్చు లెక్క. శాస్త్రంలో దాన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు: ఏడాదిలో ఎంత మంచు చేరింది, ఎంత పోయింది, నికరం ఎంత.

కొలిచే పద్ధతి చూస్తే ఈ పని ఎందుకు కష్టమో తెలుస్తుంది. ఆవిరి డ్రిల్లుతో ఐస్‌లో సన్నటి రంధ్రం చేసి, ఒకదానికొకటి జోడించిన వెదురు కర్రలను మీటర్ల లోతుకు దింపుతారు. ఏడాది తర్వాత అదే కాలంలో మళ్లీ వెళ్లి, కర్ర ఎంత బయటపడిందో టేపు పెట్టి కొలుస్తారు. పై భాగంలో కర్రలతో పని జరగదు, అవి కొత్త మంచులో మునిగిపోతాయి. అక్కడ గుంత తవ్వుతారు. కిందటి ఎండాకాలపు దుమ్ము గీత తగిలేదాకా తవ్వి, ఆ గోడలోంచి గొట్టంతో మంచు తీసి తూకం వేస్తారు. కొత్త మంచు తేలిక, ఐస్ బరువు కాబట్టి తూకం లేకుండా లోతు ఒక్కటే చెప్తే అర్థం ఉండదు. అన్నిటినీ నీటి మందంలోకి మార్చాలి.

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. గ్లేసియర్ వైశాల్యం 10 చదరపు కిలోమీటర్లు. పై 4 చ.కి.మీ.లో సగటున 1 మీటరు నీటికి సమానమైన మంచు చేరింది. అంటే 40 లక్షల ఘనపు మీటర్లు జమ. కింది 6 చ.కి.మీ.లో సగటున 1.5 మీటర్లు పోయింది. అంటే 90 లక్షల ఘనపు మీటర్లు ఖర్చు. నికరం 50 లక్షల ఘనపు మీటర్ల నష్టం. దాన్ని మొత్తం వైశాల్యం మీద పరిస్తే ఏడాదికి అర మీటరు నీటి మందం తగ్గినట్టు.

హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ గ్లేసియర్ మీద 2002 నుంచి ఏటా ఇలా కొలుస్తున్నారు. అక్కడ వచ్చిన సగటు నష్టం ఏడాదికి దాదాపు అర మీటరే. ఆ ఒక్క అంకె వెనక ఢిల్లీ జేఎన్‌యూ నుంచి వెళ్లిన విద్యార్థుల పీహెచ్‌డీలు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. వాతావరణం గురించి గట్టిగా ఒక మాట చెప్పాలంటే 30 ఏళ్ల సగటు చూడడం ఆనవాయితీ. ఒక పీహెచ్‌డీ ఐదారేళ్లలో ముగుస్తుంది. అంటే ఏ విద్యార్థీ తన ఒక్కడి కొలతలతో ఈ ప్రశ్న తేల్చలేడు. ముందువాళ్లు దింపిన కర్రలను కొలిచి, తన తర్వాత వచ్చేవాళ్లకు కొత్త కర్రలు దింపి రావాలి. ఈ రంగంలో చదువు, ఉద్యోగం రెండింటి స్వభావమూ ఇందులోనే ఉంది.

బొగ్గు చదవబోయి మంచు దగ్గర ఆగిన లానీ థాంప్సన్

ప్రపంచంలో ఈ రంగం పేరు చెప్తే మొదట గుర్తొచ్చే నాలుగైదు పేర్లలో లానీ థాంప్సన్ ఒకటి. 1948లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో పుట్టారు. అది మన బల్లార్‌పూర్, బెల్లంపల్లి లాంటి బొగ్గు ప్రాంతం. ఆయన కూడా బొగ్గు జియాలజిస్టు కావాలనే ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ అంటార్కిటికా నుంచి తెచ్చిన ఐస్ నమూనాల మీద రీసెర్చ్ అసిస్టెంట్ పని దొరికింది. బొగ్గు పక్కకు పోయింది.

ఐస్ కోర్ అంటే గ్లేసియర్‌లోకి నిలువుగా డ్రిల్ చేసి తీసిన ఐస్ దుంగ. ఏటా కురిసిన మంచు ఒక పొర అవుతుంది. ఎండాకాలపు దుమ్ము గీతతో ఆ పొర విడిగా తెలుస్తుంది కాబట్టి ఏళ్లు లెక్కపెట్టవచ్చు. లోపల చిక్కుకున్న బుడగల్లో ఆనాటి గాలే ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన క్లోడ్ లోరియస్ బృందం అంటార్కిటికాలోని వోస్టాక్ కోర్‌తో 1987లో లక్షా 60 వేల ఏళ్ల చరిత్ర బయటపెట్టింది. చలి పెరిగినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం, వేడి పెరిగినప్పుడు అది పెరగడం అందులో తేటగా కనిపించింది. తర్వాత వచ్చిన కోర్లు 8 లక్షల ఏళ్ల వెనక్కి వెళ్లాయి. ఆ కాలమంతటిలో కార్బన్ డయాక్సైడ్ 10 లక్షల పాళ్లలో 300 దాటింది లేదు. ఇప్పుడు 420 దాటింది. 2025 జనవరిలో యూరప్ బృందం 2,800 మీటర్ల లోతు దాకా తవ్వి, 12 లక్షల ఏళ్ల నాటి ఐస్ తీశామని ప్రకటించింది.

అప్పట్లో అందరి చూపూ ధ్రువాల మీదే. థాంప్సన్ భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న ఎత్తైన కొండల ఐస్ చదవాలన్నారు. మనుషుల్లో ఎక్కువమంది బతికేది ఉష్ణమండలంలోనే, ఆ వాతావరణ చరిత్ర ధ్రువాల్లో దొరకదన్నది ఆయన వాదన. పెరూలో కెల్కాయా అనే మంచు కప్పిన కొండ 5,670 మీటర్ల ఎత్తు. అక్కడికి డ్రిల్లింగ్ సామాను తీసుకుపోవడం అసాధ్యమని ఆ రంగపు పెద్దలే అన్నారు. 1974లో మొదటిసారి వెళ్లారు. 1979లో హెలికాప్టర్‌తో ప్రయత్నిస్తే కుదరలేదు. చివరికి 1983లో సౌర విద్యుత్‌తో నడిచే తేలికపాటి డ్రిల్లుతో రెండు కోర్లు అడుగు దాకా తీశారు. 1985లో వచ్చిన పేపర్‌లో 1,500 ఏళ్ల వాన చరిత్ర ఉంది. మొదటి ప్రయాణం నుంచి ఆ పేపర్ దాకా 11 ఏళ్లు. మన దగ్గర ప్రమోషన్ కోసం పేపర్లు లెక్కపెట్టే పద్ధతిలో ఇంత ఓపికకు చోటుందా అని నాకు అనుమానం.

అలాగని ఆయన చెప్పిందల్లా నిలబడలేదు. 2000లో కిలిమంజారో మీద డ్రిల్ చేసి, 2002లో రాసిన పేపర్‌లో ఆ కొండ మీది మంచు 2015-2020 మధ్య పూర్తిగా పోతుందన్నారు. మంచు చాలా తగ్గింది. 1912లో 12 చ.కి.మీ. ఉన్నది 2000 నాటికి రెండున్నరకు కాస్త పైన మిగిలింది. కానీ 2020 దాటినా కొంత మిగిలే ఉంది. కారణం మీదా వాదన నడిచింది. ఆస్ట్రియాకు చెందిన గియోర్గ్ కాజర్, థామస్ మోల్గ్ తదితరులు ఇంకో మాట చెప్పారు: అంత ఎత్తులో గాలి ఏడాది పొడవునా సున్నాకు కిందే ఉంటుంది, కాబట్టి గాలి వేడెక్కి కరగడం ముఖ్య కారణం కాదు. 19వ శతాబ్దం చివరి నుంచి ఆ ప్రాంతం పొడిబారి, కొత్త మంచు కురవడం తగ్గింది. ఉన్నది ఎండకు నేరుగా ఆవిరవుతోంది. ఈ వాదన భూతాపం అబద్ధమని చెప్పడానికి కాదు. కాజర్ గ్లేసియర్లు కరుగుతున్నాయని గట్టిగా చెప్పే శాస్త్రవేత్తే. ఒక కొండకు సరిపోయిన కారణం ప్రతి కొండకూ సరిపోదన్నదే ఆయన మాట.

మన దేశంలో ఈ దారి ఎలా ఉంటుంది

రాజురా నుంచి ఒక అమ్మాయి వెళ్లిందనుకుందాం. చంద్రపూర్‌లో జియాలజీతో బీఎస్సీ, 21 ఏళ్లకు పూర్తి. నాగ్‌పూర్‌లోనో, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలోనో ఎమ్మెస్సీ, 23 ఏళ్లకు. తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, తెచ్చుకోవాలి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ ఎస్ఆర్ఎఫ్ 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడితే 29, 30 వస్తాయి. ఆ పైన రెండు నుంచి నాలుగేళ్లు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన, చాలావరకు విదేశంలో. స్థిరమైన ఉద్యోగం 33-35 మధ్య. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే మూల వేతనం 57,700 నుంచి మొదలవుతుంది. అదే ఎమ్మెస్సీతో బొగ్గు కంపెనీలో చేరిన క్లాస్‌మేట్‌కు అప్పటికి పదేళ్ల సర్వీసు ఉంటుంది. తండ్రి భయపడేది ఈ తేడా గురించే, అది ఊహించుకున్న భయం కాదు.

ఫిజిక్స్, జాగ్రఫీ, సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లూ ఇందులోకి వస్తారు. చోట్లు మాత్రం కొన్నే. డెహ్రాడూన్‌లో వాడియా హిమాలయన్ జియాలజీ సంస్థ, రూర్కీలో జాతీయ జలవిజ్ఞాన సంస్థ, గోవాలో జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, అహ్మదాబాద్‌లో ఇస్రో వాళ్ల స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, బెంగళూరు ఐఐఎస్‌సీలో దివేచా సెంటర్, జేఎన్‌యూ, ఐఐటీ ఇందోర్, కశ్మీర్ యూనివర్సిటీ. గోవా కేంద్రానికి 2016 నుంచి స్పితిలో 4,000 మీటర్లకు పైన హిమాంశ్ అనే స్టేషన్ ఉంది. జియలాజికల్ సర్వేలోకి యూపీఎస్‌సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా వెళ్తారు. అందులో చేరిన జియాలజిస్టుకు బొగ్గు అన్వేషణ పడొచ్చు, గ్లేసియర్ విభాగమూ పడొచ్చు.

ఉద్యోగ భద్రత సంగతికి ఒక్క ఉదాహరణ చాలు. వాడియా సంస్థలో 2009లో ప్రత్యేకంగా గ్లేసియర్ల కేంద్రం ఒకటి పెట్టారు. 2020లో ఆ ప్రాజెక్టును నిలిపేశారు. ఏడాది తిరగకముందే, 2021 ఫిబ్రవరి 7న, ఉత్తరాఖండ్‌లో చమోలీ విపత్తు వచ్చి 200 మందికి పైగా చనిపోవడమో ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఆ కేంద్రం ఉంటే అది ఆగేదని ఎవరూ అనలేరు. కానీ ఏళ్ల తరబడి సాగాల్సిన కొలతలను మూడేళ్లు, ఐదేళ్ల ప్రాజెక్టుల మీద ఆధారపడేలా ఉంచడం సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక ఏడు కొలత తప్పిపోతే మళ్లీ తెచ్చుకోలేం.

ఆడపిల్లను అంత ఎత్తుకు, చలిలోకి పంపాలా అని అడిగే ఇళ్లకు ఒక సంగతి. 1983లో బయల్దేరిన మూడో అంటార్కిటికా యాత్రలోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితీ పంత్ ఉన్నారు. సుదీప్త జియాలజిస్టు.

2035 గొడవ: ఒక అంకె ఎలా దారి తప్పింది

హిమాలయాల మంచు 2035 కల్లా పూర్తిగా పోతుందని ఇప్పటికీ కొన్ని వాట్సాప్ ఫార్వర్డ్‌లలో వస్తుంది. దాని చరిత్ర తెలుసుకుంటే శాస్త్రవేత్తల మాటను ఎక్కడ నమ్మాలో, ఎక్కడ ఆగి చూడాలో తెలుస్తుంది.

వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య ఏర్పడిన ఐపీసీసీ 2007లో ఇచ్చిన నివేదికలో ఆసియా గురించిన అధ్యాయం ఉంది. హిమాలయ గ్లేసియర్లు 2035 నాటికి కనుమరుగయ్యే అవకాశం చాలా ఎక్కువని అందులో రాశారు. ఆధారం? 2005లో వచ్చిన ఒక పర్యావరణ సంస్థ నివేదిక. దానికి ఆధారం? 1999లో ఒక సైన్సు పత్రికలో అచ్చయిన శాస్త్రవేత్త మాట. కొలిచిన లెక్క ఎక్కడా లేదు. 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్త అంచనాలో ధ్రువాల బయటి గ్లేసియర్ల గురించి 2350 అని ఉంది. ఆ ఏడాది కాస్తా 2035గా మారిపోయిందని తర్వాత పరిశీలించినవాళ్లు చూపించారు.

ఈ తప్పును పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పైన చెప్పిన అర మీటరు నీటి మందం ఐస్‌లో దాదాపు 55 సెంటీమీటర్లు. ఒక గ్లేసియర్ సగటు మందం 80 మీటర్లు అనుకుంటే, ఇదే వేగంతో కరిగిపోవడానికి 145 ఏళ్లు కావాలి. వేగం రెట్టింపైనా 70 ఏళ్ల పైమాటే. చిన్నవి, పలచనివి ముందే పోతాయి, అది నిజం. మొత్తం హిమాలయం 28 ఏళ్లలో ఖాళీ అవడం మాత్రం ఈ లెక్కకు అందదు.

2009 నవంబరులో జియలాజికల్ సర్వేలో పనిచేసి రిటైరైన వీకే రైనా రాసిన చర్చాపత్రాన్ని అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ విడుదల చేశారు. హిమాలయ గ్లేసియర్లు తగ్గుతున్నా, అసాధారణ వేగంతో పోతున్నాయనడానికి ఆధారాలు చాలవని అందులో ఉంది. ఐపీసీసీ అధిపతి రాజేంద్ర పచౌరీ దాన్ని ఘాటుగా కొట్టిపారేశారు. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరి 20న, 2035 అంకెకు సరైన ఆధారం లేదని ఐపీసీసీ ఒప్పుకుని విచారం ప్రకటించింది. అదే నివేదికలో మంచు మీద గ్లేసియర్ శాస్త్రవేత్తలు రాసిన మొదటి సంపుటి అధ్యాయంలో ఈ తప్పు లేదు. మంచు కొలిచిన అనుభవం లేనివాళ్లు రాసిన చోట అది దూరింది, సమీక్షించినవాళ్లూ ఆపలేదు.

అయితే రైనా పత్రమే చివరి మాట అనుకున్నా పొరపాటే. ఆయన ఎక్కువగా ఆధారపడింది మూతి కొలతల మీద. మూతి ఆలస్యంగా కదులుతుందని ముందే చెప్పుకున్నాం. 2019లో జాషువా మౌరర్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, తన గైడ్లతో కలిసి, రహస్యం నుంచి విడుదలైన 1970ల నాటి అమెరికా గూఢచారి ఉపగ్రహ ఫోటోలను వాడాడు. వాటితో 650 గ్లేసియర్ల పాత ఎత్తును కట్టి కొత్త ఎత్తుతో పోల్చాడు. 2000 తర్వాత నష్టపు వేగం అంతకు ముందు పాతికేళ్లతో పోలిస్తే రెట్టింపని తేలింది. 2023లో హిమాలయ దేశాల కోసం పనిచేసే, కాఠ్మాండూలోని ఇసిమోడ్ సంస్థ నివేదిక, 2011-2020 మధ్య నష్టం ముందు దశాబ్దం కన్నా 65 శాతం వేగంగా జరిగిందని చెప్పింది. 2035లో ఖాళీ కాదు, నిజమే. వేగం పెరుగుతోందన్నదీ అంతే నిజం.

ఒకే మంచు గురించి భిన్నమైన మాటలు ఎందుకు

కొన్నిసార్లు ఇద్దరూ మాట్లాడేది వేర్వేరు చోట్ల గురించి. హిమాలయాలకు వాయవ్యంగా ఉన్న కారాకోరం కొండల్లో కొన్ని గ్లేసియర్లు చాలాకాలం స్థిరంగా ఉన్నాయి, కొన్ని పెరిగాయి. ఆ ఒక్క చోటు చూపించి హిమాలయమంతా బాగుందనడం ఎంత తప్పో, ఒక్క గంగోత్రిని చూపించి అంతా పోయిందనడం కూడా అంతే తప్పు.

ఇంకో తేడా పద్ధతిది. మన హిమాలయంలో 9,575 గ్లేసియర్లున్నాయని జియలాజికల్ సర్వే లెక్క. కర్రలు దింపి ఏళ్ల తరబడి కొలిచినవి వాటిలో చాలా కొన్ని, అవీ మనిషి నడవగలిగే చోట ఉన్నవే. ఉపగ్రహాలు అన్నిటినీ చూడగలవు కాబట్టి ఇక అవే చాలని ఒక వర్గం వాదన. ఉపగ్రహం చెప్పేది ఎత్తులో మార్పు మాత్రమే, దాన్ని బరువులోకి మార్చడానికి సాంద్రతను ఊహించుకోవాలి, ఆ ఊహను సరిచూసేది నేల మీది కొలతేనని రెండో వర్గం అంటుంది. నాకు రెండో వాదనలో బలం ఎక్కువ కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏడాదికి రెండు పేపర్లు రాయవచ్చు, ఛోటా షిగ్రీ లాంటి చోట ఒక్క సీజన్ కొలతలకే ఏడాది పడుతుంది. కాబట్టి కుర్రాళ్లు ఎటు మొగ్గుతారో చెప్పనక్కర్లేదు.

విపత్తు రోజు వచ్చే మాటలు వీటన్నిటికన్నా వేరు. చమోలీలో గ్లేసియర్ పగిలిందని టీవీలు మొదటి గంటలోనే తేల్చేశాయి. తర్వాత అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి చూస్తే, రోంటీ శిఖరం పక్క నుంచి సుమారు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, ఐస్ కలిసి కూలిందని, అందులో ఎక్కువ భాగం రాయేనని తేలింది. 2023 అక్టోబరులో సిక్కింలో జరిగింది వేరు. అక్కడ సౌత్ ల్హోనాక్ అనే, గ్లేసియర్ కరిగిన నీటితో ఏర్పడిన సరస్సు గట్టు తెగి, తీస్తా మీది చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది. కొండచరియ కూలడం, సరస్సు తెగడం, మంచు మెల్లగా తరగడం మూడూ మూడు విషయాలు. మొదటి రెండూ గంటల్లో ముంచేస్తాయి, మూడోది దశాబ్దాల లెక్క.

మన నదులకు ఆ మంచుతో పనేమిటి

పెన్‌గంగలో, వార్ధాలో, వైన్‌గంగలో మంచు నీరు ఒక్క చుక్క లేదు. అవి కలిసి ప్రాణహితగా గోదావరిలో చేరేదంతా వాన నీరే. సింధు నదికి మంచు కరిగిన నీరు ప్రాణాధారం. గంగకు కూడా ఎండాకాలంలో ఎగువన అది ముఖ్యమే కానీ, కిందికి వచ్చేకొద్దీ రుతుపవనాల నీటి వాటాయే పెద్దది. కాబట్టి హిమాలయం కరిగితే గోదావరి ఎండిపోతుందని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

సంబంధం వాన ద్వారా ఉంది, అది సూటిగా లేదు. బ్లాన్‌ఫోర్డ్ 1884లో చెప్పిన సూత్రాన్ని ఆ తర్వాతి తరాలు చాలాసార్లు పరీక్షించాయి. కొన్ని దశాబ్దాల్లో అది బాగా పనిచేసింది, కొన్నిట్లో చేయలేదు. ఎల్‌నినో వంటి సముద్రపు మార్పులు దాన్ని మించిపోతాయి. 1988లో వాతావరణ శాఖ మొదలుపెట్టిన 16 అంశాల అంచనా పద్ధతిలో హిమాలయాల మంచు, యూరప్-ఆసియా మైదానాల మంచు రెండూ ఉన్నాయి. 2002 కరువును ఆ పద్ధతి పట్టుకోలేకపోయింది, మరుసటి ఏడాది దాన్ని మార్చారు. 2012లో మాన్సూన్ మిషన్ మొదలయ్యాక సముద్రం, గాలి, నేల అన్నిటినీ కలిపి కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడళ్లు వచ్చాయి. నేల మీద మంచు ఎంత పరుచుకుందో, ఎప్పుడు కరుగుతుందో ఆ మోడళ్లలోనూ ఒక లెక్కే. ఆ పనికి కేంద్రం మన రాష్ట్రంలోనే, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో ఉంది. కోర్పనా, రాజురా వైపు పత్తి రైతు జూన్‌లో విత్తనం ఎప్పుడు పెట్టాలా అని చూసే రుతుపవన అంచనాకు అక్కడ తయారైన మోడలే ఆధారం. ఫిజిక్సో లెక్కలో చదివి, కొండ ఎక్కే ఓపిక లేని పిల్లలకు కూడా ఈ శాస్త్రంలో చోటుంది. పుణె సంస్థలో పీహెచ్‌డీలు ఏటా జరుగుతూనే ఉంటాయి.